పరదేశి గుడి కథను తిరగేసి చెప్పకండి: కేరళ టూర్లు నడిపేవారికి బహిరంగ లేఖ

కేరళ యాత్రలు నడిపే తెలుగు ట్రావెల్స్ యజమానులకు, బస్సు వెంట వచ్చే టూర్ మేనేజర్లకు, మైకు పట్టుకునే గైడ్లకు నమస్కారం.

మున్నార్, అలెప్పీ, కొచ్చి ప్యాకేజీల్లో చివరి రోజు సగం పూట మట్టాంచేరికి దక్కుతుంది. ‘డచ్ ప్యాలెస్, యూదుల సినగాగ్, మసాలా దినుసుల షాపింగ్’ అని కరపత్రంలో ఒక్క వరసలో సర్దేస్తారు. ఆ వరసలో నడిమి దాని గురించే ఈ లేఖ. అక్కడ మన బస్సులు దిగినవాళ్లు వింటున్న చరిత్రలో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోయింది, మధ్యలో కట్టుకథలు కలిశాయి. సరిచేయడానికి ఖర్చేమీ లేదు. చెప్పే వరస మార్చాలి, కొన్ని మాటలు మానాలి, వెళ్లే రోజు చూసుకోవాలి.

రోజుతోనే మొదలుపెడతాం. తలుపు మూసి ఉంటే ఎంత చక్కగా చెప్పినా వీధిలో నిలబడి చెప్పినట్టే. యూదుల విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. అందుకని సినగాగ్ శనివారం తెరవరు, శుక్రవారం మధ్యాహ్నం నుంచే కట్టేస్తారు. పక్కనే ఉన్న డచ్ ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. అంటే శుక్రవారం పొద్దున వెళ్తే సినగాగ్ దొరుకుతుంది, ప్యాలెస్ దొరకదు. శనివారం వెళ్తే ప్యాలెస్ దొరుకుతుంది, సినగాగ్ దొరకదు. రెండూ కావాలంటే ఆదివారం నుంచి గురువారం లోపే. మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం భోజనాల వేళ మూస్తారు. ఫోర్ట్ కొచ్చిలో చైనా వలలు చూసి, అన్నాలు తిని, రెండింటికి ఇక్కడ దిగే ప్లాను పెట్టుకున్న బస్సులు గంటసేపు దుకాణాల్లో తిరగాల్సి వస్తుంది. (కొందరు మేనేజర్లకు ఆ గంట ఇష్టమే అనుకోండి. ఆ సంగతి మళ్లీ వస్తుంది.) పొద్దున పదింటికి మొదట సినగాగ్, తర్వాత ప్యాలెస్, ఆ తర్వాత వలలు అని తిప్పితే సరిపోతుంది.

దసరా సెలవుల బస్సులు నడిపేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. యూదుల పంచాంగం కూడా మనలాగే చంద్రుడి నెలలతో నడిచి, 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేసుకుంటుంది. అందుకే వాళ్ల కొత్త సంవత్సరం చాలా ఏళ్లలో మన శరన్నవరాత్రుల మొదటి రోజుకు ఒక రోజు అటూఇటూగా పడుతుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే వచ్చాయి. అక్కడి నుంచి పదో రోజు ప్రాయశ్చిత్తార్థ దినం, పున్నమి నాటి నుంచి పర్ణశాలల పండుగ. ఈ మూడు వారాల్లో మూసి ఉండే రోజులు చాలా ఉంటాయి. అధికమాసం మనకు పడి వాళ్లకు పడని ఏడు నెల తేడా వస్తుంది. కాబట్టి ఆగస్టులో బుకింగులు తీసుకునేటప్పుడే ఆ ఏటి యూదుల పండుగల తేదీలు ఒకసారి చూసుకోండి. ప్రయాణికులు గేటు దాకా వచ్చి వెనక్కి తిరగడం ఎక్కువగా ఈ సీజన్లోనే జరుగుతుంది.

నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు, బనియన్లతో లోపలికి పంపరు. ఈ మాట హోటల్లో పొద్దున టిఫిన్ దగ్గరే చెప్పాలి, గేటు దగ్గర చెప్తే గొడవ అవుతుంది. ఫొటోలు తీయనివ్వరు. చెప్పులు బయట విడవాలి. మిగతా దేశాల సినగాగుల్లో మామూలుగా చెప్పులు విప్పే ఆచారం లేదు, కేరళ యూదులది ఈ నేల అలవాటు. దానివల్ల ఇంకో మేలూ ఉంది. లోపల నేలంతా చేత్తో బొమ్మలు వేసిన పింగాణీ పలకలు. అరికాళ్లకు అంటిన ఇసుక వాటి మెరుపు పొరను గీరేస్తుంది. వానాకాలమైతే బస్సులోంచి రెండు పాత తువ్వాళ్లు తెచ్చి గుమ్మం ముందు పరవండి. తడి కాళ్లతో పెద్దవాళ్లు జారకుండా కూడా ఉంటుంది.

దీన్ని తెలుగులో ఏమనాలి? తెలుగు బైబిలు చదివేవాళ్లకు ‘సమాజమందిరం’ అన్న మాట బాగా తెలుసు, సినగాగ్ అంటే అదే. ఆ గ్రంథంలో ‘దేవాలయం’ అంటే యెరూషలేములో ఉండి కూలిపోయిన ఆ ఒక్కటే. ‘యూదుల చర్చి’ అని మాత్రం మైకులో అనకండి. చర్చి కాదు. ‘యూదుల గుడి’ అంటే నలుగురికీ అర్థమవుతుంది, అయితే లోపల విగ్రహం ఉండదని, నైవేద్యం ఉండదని ముందే చెప్పాలి. అక్కడ పూజ్యమైనది తోలు మీద చేత్తో రాసిన ధర్మశాస్త్రపు చుట్ట. ఆ చుట్టలుండే బీరువా గోడ పడమటిది. కొచ్చికి యెరూషలేము పడమర కదా. తూర్పు ముఖం అలవాటైన మనవాళ్లకు ఇది చెప్పకపోతే ఎటు తిరిగి నిలబడాలో తోచదు.

ఇక అసలు విషయం.

‘రెండు వేల ఏళ్ల కిందట ఓడల్లో వచ్చిన యూదులు రాజుగారి దగ్గర రాగి శాసనం పొంది ఈ గుడి కట్టారు.’ బస్సుల్లో వినిపించే మాట ఇది. ఇందులో మూడు వేరు వేరు కాలాలు, రెండు వేరు వేరు జనాలు ఒకే వాక్యంలో ఇరుక్కుపోయారు. దాని పేరే జవాబు చెప్తోంది. ఈ గుడి పేరు పరదేశి సినగాగ్. పరదేశి అన్న మాటకు మనకు అనువాదం అక్కర్లేదు. కేరళలో అప్పటికే తరతరాలుగా ఉన్న యూదులు, బయటి నుంచి కొత్తగా వచ్చిన యూదులకు పెట్టిన పేరది. 1568లో ఈ గుడి కట్టింది ఆ కొత్తవాళ్లు. సామ్యూల్ కాస్తీల్, డేవిడ్ బెలీలా, జోసెఫ్ లెవీ మొదలైనవాళ్ల పేర్లు చెప్తారు. కాస్తీల్ అన్న ఇంటిపేరులోనే స్పెయిన్ ఉంది.

వాళ్లెందుకు వచ్చారో చెప్పకపోతే 1568 అన్నది వట్టి అంకె. 1492లో స్పెయిన్ రాజు, రాణి తమ రాజ్యంలోని యూదులను మతం మారతారా, దేశం వదులుతారా అన్నారు. 1497లో పోర్చుగల్‌లో బలవంతపు మతమార్పిళ్లు జరిగాయి. పారిపోయినవాళ్లలో కొందరు టర్కీ సుల్తాను రాజ్యం మీదుగా, అరబ్బు రేవుల మీదుగా మిరియాల తీరానికి చేరారు. తీరా ఇక్కడికొస్తే కొచ్చి కోట పోర్చుగీసువాళ్ల చేతిలో ఉంది. 1560లో గోవాలో మతవిచారణ న్యాయస్థానం కూడా పెట్టారు. అప్పుడు కొచ్చి రాజు తన కోవిలకం (రాజభవనం) పక్కనే, పోర్చుగీసు కోట బయట, స్థలం ఇచ్చాడు. ప్యాలెస్ ఆవరణలో ఉన్న పళయన్నూర్ భగవతి గుడికి, సినగాగుకు మధ్య గోడ ఒక్కటే. ‘మతసామరస్యం’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఆ గోడ చూపించి ఈ కారణం చెప్పండి. రాజు మనసు మంచిదే కావచ్చు, మిరియాల వ్యాపారం తెలిసిన, నాలుగు భాషలు వచ్చిన జనం తన గోడ పక్కన ఉంటే ఆయనకూ పని జరిగేది.

మరి రాగి శాసనం? అది పరదేశిలకు ఇచ్చింది కాదు. చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే వర్తకుడికి కొడుంగల్లూర్ దగ్గరి ముయిరిక్కోడు నుంచి ఇచ్చిన శాసనం అది. శాసనంలో ఆయన పేరు ‘ఇస్సుప్పు ఇరప్పాన్’. చరిత్రకారులు దాన్ని క్రీ.శ. 1000 ప్రాంతానిదిగా లెక్క కడతారు. అంటే ఈ గుడికి, ఆ శాసనానికి మధ్య 560 ఏళ్ల పైచిలుకు ఎడం. కృష్ణదేవరాయలు గద్దెనెక్కిన నాటి నుంచి ఇవాళ్టికి గడిచిన కాలం కన్నా అదే ఎక్కువ. శాసనం పాత మలబారు యూదుల, అంటే పరదేశిల కన్నా ముందే కేరళలో ఉన్నవాళ్ల, వారసత్వం. అది ఈ గుడి చేతికి వచ్చింది, దాంతోపాటే ‘ఆ కథంతా మాదే’ అనే చెప్పుకోలు కూడా వచ్చింది. మనం దాన్నే పట్టుకుని చిలకపలుకుల్లా చెప్తున్నాం.

మరి ఈ శాసనానికి మైకుల్లో చెప్పే క్రీ.శ. 379 అన్న తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? సంప్రదాయంగా చెప్పుకునే మాట అది. శాసనంలో శకం లేదు, సంవత్సరం అంకె లేదు. ‘రెండో ఏటికి ఎదురు ముప్పై ఆరో ఏడు’ అని రాజు ఏలుబడి లెక్క మాత్రమే ఉంది, అంటే ముప్పై ఎనిమిదో ఏడు. రాజు ఎవరో, లిపి ఏ కాలానిదో తేలితే తప్ప దీన్నుంచి తేదీ రాదు. లిపి వట్టెళుత్తు, భాష పాత మలయాళం, సాక్షులుగా వేణాడు, వళ్ళువనాడు లాంటి నాడుల పాలకులున్నారు. ఇవేవీ నాలుగో శతాబ్దానికి పొసగవు. 2017 జులైలో ప్రధాని మోదీ ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహుకు ఈ రాగి రేకుల నకలు బహూకరించినప్పుడు, ప్రధాని కార్యాలయం కూడా వీటిని తొమ్మిది, పది శతాబ్దాలవిగానే చెప్పింది. ఇంకా 379 దగ్గరే ఉన్నది మన మైకులే.

శాసనంలో ఏముందో చెప్తే తెలుగువాళ్లకు చెవులు నిక్కబొడుచుకునే విషయాలు రెండున్నాయి. ఎందుకో గాని ఏ బస్సులోనూ ఇవి వినిపించవు. రాజు రబ్బానుకు డెబ్భై రెండు హక్కులిచ్చాడు. పగటి దివిటీ, నడవడానికి ముందు పరిచే బట్ట, పల్లకి, గొడుగు, కాహళం, తోరణం ఇలా వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఆ వరసలో ‘వడుగ పఱై’ ఉంది. పఱై అంటే డప్పు. వడుగులంటే అరవంలో, మలయాళంలో ఉత్తరాదివాళ్లు, మామూలు వాడుకలో తెలుగువాళ్లు. వెయ్యేళ్ల కిందట కేరళ రాజు ఒక యూదు వర్తకుడికి ఇచ్చిన గౌరవాల్లో వడుగుల డప్పు కూడా ఉందన్నమాట. రెండోది ‘అంజువణ్ణం’. రబ్బానుకు దఖలు పడిన హోదా పేరు అది. పడమటి సముద్రం దాటి వచ్చిన వర్తకుల సంఘాన్ని ఆ పేరుతో పిలిచేవారు. ఈ అంజువణ్ణం వర్తకుల ప్రస్తావన మన విశాఖపట్నంలో దొరికిన చోళకాలపు శాసనాల్లోనూ ఉంది. విశాఖ నుంచి వచ్చిన గ్రూపుకు ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, అంతవరకూ ఫోన్లలో తలదూర్చినవాళ్లు కూడా తలెత్తుతారు.

రాగి రేకులు చూపించమని కౌంటర్ దగ్గర మాత్రం పట్టుబట్టకండి. వాటి బదులు ఒక రాయి చూపించండి. సినగాగ్ ఆవరణ గోడలో హీబ్రూ చెక్కిన పాత శిల ఒకటి పొదిగి ఉంది. అది ఈ గుడిది కాదు, కొచ్చిలోనే కొచ్చంగాడి అనే చోట ఉండి నాశనమైన మరో సినగాగ్‌ది. దాని మీది ఏడు 5105. యూదుల లెక్కను మన లెక్కలోకి మార్చడం తేలిక. 3760 తీసేయాలి, వాళ్ల కొత్త సంవత్సరం నుంచి డిసెంబరు దాకా ఉన్న నెలలకైతే 3761. అంటే 1344–45. ఇప్పుడు దీన్ని 1341తో కలిపి చెప్పండి. ఆ ఏడు పెరియార్‌కు పెద్ద వరద వచ్చి కొడుంగల్లూర్ రేవు పూడిపోయింది, దక్షిణాన కొచ్చి దగ్గర కొత్త మొగ తెరుచుకుంది. వర్తకులు రేవు వెంట కదిలారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి కొచ్చిలో యూదుల గుడి లేచింది. పరదేశిలు ఈ గుడి కట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు సంగతి ఇది. కొచ్చిలో ఎవరు ముందో, ఎవరు వెనకో ఒక్క రాయితో తేలిపోతుంది. జనం దాని పక్కనుంచి చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోతున్నారు.

టికెట్ తీసుకున్నాక వచ్చే గదిలో గోడలకు వేలాడే పది చిత్రాలు 1968లో గుడి నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి ఎస్.ఎస్. కృష్ణ వేసినవి. గైడ్లకు అవి రెడీమేడ్ స్క్రిప్టు. ఒకటి నుంచి పది దాకా చదువుకుంటూ పోతే చాలనిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే. అవి ఉత్సవం కోసం, ఆ సమాజం తన గురించి తాను చెప్పుకున్న కథను బొమ్మ కట్టినవి. సొలొమోను రాజు ఓడల దగ్గర మొదలవుతుంది ఆ కథ. బైబిల్లో సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లకు వాడిన హీబ్రూ మాట తమిళ ‘తోగై’ని పోలి ఉందన్నది భాషావేత్తల చర్చ. సరుకు రాకపోకలకు అది సూచన కావచ్చు గానీ, ఆనాడే యూదులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారనడానికి అది చాలదు. బొమ్మల ముందు ‘వాళ్లు ఇలా చెప్పుకుంటారు’ అని, రాయి ముందు ‘ఇది ఇలా జరిగింది’ అని, ఇంత తేడా గొంతులో చూపిస్తే చాలు.

1662 సంగతి చిన్నదే గానీ వదలొద్దు. డచ్చివాళ్లు కొచ్చి మీదికి వచ్చి ఆ విడత ఓడి వెనుదిరిగారు. వాళ్లకు సాయపడ్డారన్న కోపంతో పోర్చుగీసువాళ్లు గుడి చుట్టూ ఉన్న యూదుల వాడ జ్యూ టౌన్‌ను దోచి గుడికి నిప్పు పెట్టారు. 1663లో డచ్చివాళ్లు మళ్లీ వచ్చి గెలిచారు, 1664లో గుడి తిరిగి లేచింది. అక్కడి నుంచి 1795 దాకా నడిచిన డచ్చి కాలం పరదేశిలకు మంచి కాలం. 1686లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన మోషె పెరైరా ద పైవా ఇక్కడ లెక్క రాసుకున్న పరదేశి కుటుంబాలు 25 మాత్రమే. ఆ కొద్దిమందే ఊళ్లో పెద్ద వర్తకులు.

హైదరాబాద్ గ్రూపులకు ఇక్కడ ఒక పక్క మాట. అదే కాలంలో పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు లండన్ నుంచి మద్రాసుకు వచ్చారు, వాళ్లది మిరియాల వ్యాపారం కాదు. పగడాలు దింపి గోల్కొండ వజ్రాలు ఎత్తేవారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మెన్లలో (నగర పాలక సభ్యుల్లో) ముగ్గురు యూదులున్నారు.

ఇక అందరూ ఎదురుచూసే నీలం పలకలు. ఎజెకియెల్ రహబీ (1694–1771) డచ్ ఈస్టిండియా కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు. తాత 1646లో సిరియాలోని అలెప్పో నుంచి వచ్చాడు. గుడి పక్కన సుమారు 45 అడుగుల గడియార స్తంభాన్ని 1760లో కట్టించింది ఈయనే. 1762లో చైనాలోని కాంటన్ నుంచి దాదాపు 1,100 పింగాణీ పలకలు తెప్పించి నేల పరిపించిందీ ఈయనే. ఈ పలకల చుట్టూ మూడు పొరపాటు మాటలు తిరుగుతున్నాయి.

ఒకటి, ‘విల్లో నమూనా’ అనడం. ఆ పేరున్న నమూనా 18వ శతాబ్దం చివర ఇంగ్లండ్ పింగాణీ కార్ఖానాల్లో పుట్టింది, చైనా బొమ్మలకు అనుకరణగా. అంతకు ముందే చైనా నుంచి వచ్చిన పలకకు ఆ పేరు పెట్టడం మనవడి పేరు తాతకు పెట్టినట్టు. రెండోది, ‘ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు’ అనడం. గమనించి చూస్తే కొన్ని నమూనాలే నేలంతా మళ్లీ మళ్లీ వస్తాయి. అన్నీ చేత్తో వేసినవి కావడంతో ఒకే బొమ్మలో గీత మందం, నీలం ముదురు మారుతూ ఉంటాయి. పిల్లలతో వచ్చినవాళ్లకు ‘ఒకే నమూనా రెండు చోట్ల కనిపెట్టండి’ అని చెప్పి చూడండి, నేల మీద చూపు నిలుస్తుంది.

మూడోది మరీ ఘోరం, అందరికీ ఇష్టమైనదీ అదే. ఈ పలకలు మొదట రాజుగారు తన కోవిలకానికి తెప్పించుకున్నారట, ‘వీటి తయారీలో ఆవు రక్తం కలుస్తుంది’ అని ఒక యూదుడు చెవిలో వేస్తే రాజు వదిలేశాడట, వీళ్లు పట్టుకుపోయారట. బస్సంతా నవ్వుతుంది. దీనికి ఆధారమేమీ లేదు, రహబీ తెప్పించిన సంగతి మాత్రం తెలిసిందే. పైగా ఈ ఒక్క జోకులో యూదుడు మాయగాడవుతాడు, స్థలమిచ్చిన రాజు వెర్రివాడవుతాడు. దయచేసి మానేయండి.

గడియార స్తంభం ముఖాల మీద వేరు వేరు అంకెలుంటాయి, వాటిలో ఒకటి హీబ్రూ. హీబ్రూలో అక్షరాలే అంకెలు. మొదటి అక్షరం ఆలెఫ్ ఒకటి, బేత్ రెండు. గడియారం చాలా కాలం ఆగిపోయి, స్తంభం పాడై ఉంటే 1990ల చివర్లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బాగు చేయించింది. మీ ఉపన్యాసం పెట్టుకోవడానికి ఈ స్తంభం నీడ మంచి చోటు. లోపల గొంతెత్తకూడదు. మైకు అసలే వద్దు. స్తంభం దగ్గర పది నిమిషాలు, రాయి దగ్గర మూడు, బొమ్మల గదిలో పది, లోపల ఇరవై నిమిషాలు మౌనంగా. ముప్పావుగంటలో అయిపోతుంది.

లోపల ఏం చూడాలో కూడా బయటే చెప్పి పంపండి. పడమటి గోడకు చుట్టల బీరువా, పైన ఎప్పుడూ వెలిగే దీపం, మధ్యలో ఇత్తడి కటకటాల వేదిక. ఆ వేదిక మీద నిలబడి చుట్ట చదువుతారు. బెల్జియం గాజు దీపాల గుత్తులు చూడ్డానికి ఎలాగూ తల పైకెత్తుతారు కాబట్టి, అప్పుడే మేడ మీద ఉన్న రెండో వేదికను చూడమనండి. కేరళ సినగాగులకే ఉన్న ప్రత్యేకత అది. స్త్రీలు కూర్చునే భాగానికి ముందు, పైఅంతస్తులో ఇంకో చదివే వేదిక ఉంటుంది, ప్రత్యేక సందర్భాల్లో అక్కడి నుంచి చదువుతారు.

ఈ గుడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న గొడవ నాలుగు శతాబ్దాలు నడిచింది. మనం వినకూడని మాటలా దాన్ని దాటేస్తున్నారు, నిజానికి మనవాళ్లకు వివరించనవసరం లేకుండా అర్థమయ్యే భాగం ఇదే. పరదేశిలు మలబారు యూదులతో పెళ్లి సంబంధాలు కలుపుకోలేదు, తమ గుడిలో సమాన హోదా ఇవ్వలేదు. పాతకాపులైన మలబారు యూదులకు ఊళ్లో సొంత గుళ్లుండేవి. మూడో వర్గం వేరు. పరదేశి ఇళ్లలో బానిసలుగా ఉండి, యూదు మతంలో చేరి, విడుదలైనవాళ్లు, వాళ్ల సంతానం. హీబ్రూలో మెషుక్రరిమ్, అంటే విముక్తులు. వాళ్లకు వేరే గుడి లేదు, ఉన్న గుడిలో బెంచీ లేదు. చుట్ట చదవడానికి పిలుపు రాదు. శ్మశానంలోనూ చోటు వేరు. కొచ్చి యూదుల ఈ తగాదా మీద పదహారో శతాబ్దంలోనే కైరోలోని ప్రసిద్ధ ధర్మవేత్త దావీద్ ఇబ్న్ జిమ్రా అభిప్రాయం అడిగారు. భేదం చూపకూడదనే ఆయన చెప్పాడు. చెప్పినా ఆగలేదు.

ఆ విముక్తుల వంశంలో పుట్టిన అబ్రహాం బరాక్ సలేం (1882–1967) లాయరయ్యాడు, కొచ్చి శాసనమండలిలో కూర్చున్నాడు, 1929 లాహోర్ కాంగ్రెసుకు వెళ్లాడు. గాంధీ పద్ధతిని తెచ్చి తన గుడిలోనే సత్యాగ్రహం చేశాడు. జనం ‘యూదు గాంధీ’ అన్నారు. కూర్చునే చోట్ల మీది ఆంక్షలు ఒక్కొక్కటిగా సడలాయి. ఇదే కాలంలో వైక్కంలో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం (1924–25) నడిచిందని కలిపి చెప్తే, బస్సులో ఎవరికీ టీకా తాత్పర్యాలు అక్కర్లేదు. ‘తెల్ల యూదులు, నల్ల యూదులు’ అన్న పాత మాటలు మాత్రం మీ నోట వద్దు. పరదేశి, మలబారి అంటే సరిపోతుంది. ఆ రంగుల పేర్లతో నష్టపోయినవాళ్ల మనవలు ఇజ్రాయెల్ నుంచి ఇప్పటికీ ఈ వీధికి వస్తుంటారు, మీ గ్రూపు పక్కనే నిలబడి ఉండవచ్చు.

1968 డిసెంబరు 15న నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు, తపాలాశాఖ ఈ గుడి మీద 20 పైసల బిళ్ల విడుదల చేసింది. అప్పటికే ఊరు ఖాళీ అవుతోంది. 1948 నాటికి కేరళలో సుమారు 2,500 మంది యూదులుంటే, మలబారువాళ్లు 1950ల నడుమ దాదాపు ఊళ్లకు ఊళ్లుగా ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. నెవతిమ్, మెసిలత్ జియాన్ లాంటి పల్లెల్లో స్థిరపడ్డారు. పరదేశిలు అప్పటికి వందమంది దాకా. ఆస్తులు, వ్యాపారాలు ఉండటంతో నెమ్మదిగా కదిలారు. కొచ్చికి కరెంటు, పడవ సర్వీసులు నడిపిన కోడర్ కుటుంబం వాళ్లదే. సామూహిక ప్రార్థనకు వయసొచ్చిన మగవాళ్లు పదిమంది ఉండాలన్నది నియమం. ఆ పదిమంది ఇక్కడ ఊళ్లో దొరక్క చాలా ఏళ్లయింది, బయటి నుంచి యాత్రికులు వస్తే నిండుతుంది.

‘ఇంకా ఎంతమంది ఉన్నారు, ఒకరిని చూపించండి’ అని ప్రయాణికులు అడుగుతారు. ఇళ్ల తలుపులు తట్టకండి, కిటికీల్లోంచి ఫొటోలు తీయనివ్వకండి. చివరి తరం ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుంటే వాళ్ల చుట్టూ మూగి ఫొటోలు దిగిన గ్రూపులను ఈ వీధి చాలా చూసింది. ఆ వీధిలో ఇప్పుడున్న దుకాణాల్లో చాలావాటిని నడిపేది కశ్మీరీ వ్యాపారులు. వాళ్ల వ్యాపారం వాళ్లది, దానికి అడ్డు చెప్పం. కమీషన్ దుకాణంలో గంటన్నర, సినగాగులో పన్నెండు నిమిషాలు అన్న లెక్క మాత్రం ప్రయాణికుల డబ్బుతో వేసే లెక్క.

సమయం ఉన్న గ్రూపులకు ఒక దారి చెప్తాం. మలబారు యూదుల కథ వినడానికి మట్టాంచేరి తప్పు చోటు. అక్కడున్న వాళ్ల కడవుంభాగం గుడి లోపలి చెక్కపని చాలావరకు 1990లలో యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంకు వెళ్లిపోయింది, మిగిలిన కట్టడంలో కొంత 2019 సెప్టెంబరు వానల్లో కూలింది. (కడవు అంటే రేవు. కడవుంభాగం రేవు వైపు, తెక్కుంభాగం దక్షిణం వైపు. ఇవి ఊరి దిక్కుల పేర్లే.) ఎర్నాకుళం మార్కెట్లో ఇంకో కడవుంభాగం గుడి ఉంది, దాన్ని ఈమధ్యే బాగు చేశారు. నెడుంబాశ్శేరి విమానాశ్రయానికి వెళ్లే రోజు అయితే పరవూర్, చేందమంగలం సినగాగులు చూడండి. ముజిరిస్ వారసత్వ పథకం కింద మ్యూజియాలుగా మార్చారు, సోమవారం సెలవు. చేందమంగలంలో ఒక సమాధి రాయి ఉంది. సారా బత్ ఇజ్రాయెల్ అనే ఆమెది, 1269 నాటిది. భారతదేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అంత పాతది లేదు. కొడుంగల్లూర్ నుంచి అక్కడికి తెచ్చారంటారు. పరదేశి గుడికి మూడు వందల ఏళ్ల ముందటి ఆడమనిషి పేరు రాతిలో చదువుకోవచ్చు, పక్కన తోపులాట ఉండదు.

గుంటూరు వైపు వాళ్లు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: ‘చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా యూదుల మందిరం ఉందట కదా?’ ఉంది. బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు 1990ల ప్రారంభంలో కట్టుకున్నది. తాము తప్పిపోయిన ఎఫ్రాయిమ్ గోత్రం వారమని వాళ్ల నమ్మకం. కొచ్చి వలసలతో దానికి ముడి లేదు. రెండూ కలిపేసి ‘కేరళ నుంచి మన దగ్గరికి వచ్చారు’ అని అప్పటికప్పుడు అల్లి చెప్పకండి. మొన్న ఒక కరపత్రంలో అచ్చులోనే అలా కనిపించింది.

కరపత్రాల మాట వచ్చింది కాబట్టి, వచ్చే సీజన్‌కు అచ్చు వేసేటప్పుడు ‘2000 ఏళ్ల నాటి యూదుల చర్చి’ అన్న లైను తీసేసి ఇది పెట్టండి: ‘పరదేశి సినగాగ్, 1568. స్పెయిన్, పోర్చుగల్, సిరియా తదితర దేశాల నుంచి వలస వచ్చిన యూదులది. అంతకు ముందే కేరళలో ఉన్న మలబారు యూదుల 1344 నాటి శిల, చేర రాజు రాగి శాసనం కూడా ఈ గుడి ఆధీనంలోనే ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం, యూదుల పండుగలకు సెలవు. నిక్కర్లు, చేతుల్లేని దుస్తులు వద్దు.’ మహా అయితే ఐదారు లైన్లు. షాపింగ్ అన్న మాట కొంచెం చిన్న అక్షరాల్లో వేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
కొచ్చి యూదుల చరిత్ర చదువుకుంటున్న కొందరు తెలుగువాళ్లు